దారుష్షిఫా నుంచి జిల్లా మెడికల్ కాలేజీ దాకా: మన వైద్య విద్య కథ

ఏటేటా ఈ సంచికలో మన పెద్దల చరిత్ర, మసీదుల చరిత్ర, మదరసాల చరిత్ర వేస్తూ వస్తున్నాము. ఈసారి ఆసుపత్రుల్లో పనిచేసేవారిని తయారుచేసిన చదువుల చరిత్ర వ్రాద్దామని అనుకున్నాము. కారణం లేకపోలేదు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చినప్పుడు మనందరం చూశాము. మంచాలు తెప్పించారు, ఆక్సిజను తెప్పించారు. కాని ఆ మంచం దగ్గర రాత్రంతా నిలబడి చూసుకునే చేతులు చాలలేదు. మంచాన్ని వారంలో కొనవచ్చు గాని, నర్సమ్మను వారంలో తయారు చేయలేము కదా!

ఇంకో కారణం మన స్కాలర్‌షిప్ దరఖాస్తులు. బై.పి.సి. చదివే పిల్లల తల్లిదండ్రులను "ఏం చదివిద్దామని వుంది భాయీ?" అని అడిగితే నూటికి తొంభైమంది "ఇన్షాఅల్లా, ఎం.బి.బి.ఎస్." అంటారు. అది రాకపోతే పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది, లేదా దిక్కు తోచక ఏదో ఒక డిగ్రీలో చేరుతుంది. ఈ ఆలోచన ఒక్క మన ఇళ్ళలోనే పుట్టింది కాదు. మన ప్రాంతంలో వైద్య విద్య పెరిగిన తీరులోనే దీని వేరు వున్నదని మా అభిప్రాయం.

హైదరాబాదు వెళ్ళినవారికి పాత బస్తీలో దారుష్షిఫా అనే పేట తెలుసు. ఆ పేరు ఊరికే రాలేదు. నగరం కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో అక్కడ దారుష్షిఫా, అనగా ఆరోగ్య నిలయం, కట్టించాడు. రోగులకు వైద్యం, హకీములకు చదువు రెండూ ఒకే కప్పు క్రింద జరిగేవి. రోగి పక్కన కూర్చుని నేర్చుకోవడమే వారి పద్ధతి. వైద్యం నేర్చినవాడికి పరీక్ష పెట్టాలన్న మాట కూడా మన చరిత్రకు కొత్త కాదు. హిజ్రీ నాల్గవ శతాబ్దపు తొలినాళ్ళలో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వలన రోగి చనిపోతే, ఖలీఫా అల్ ముఖ్తదిర్ నగరంలోని వైద్యులందరినీ పరీక్షించి పట్టా ఇవ్వవలసిందిగా సినాన్ ఇబ్న్ సాబిత్ అనే వైద్యుణ్ణి ఆజ్ఞాపించాడు. ఎనిమిది వందలకు పైగా మంది ఆ పరీక్షకు రావలసి వచ్చిందట. పెద్ద పేరున్నవారికి మాత్రం మినహాయింపు దొరికింది! ఆ అలవాటూ పాతదేనన్నమాట.

ఇక మన ఆధునిక వైద్య విద్య సంగతి. నాల్గవ నిజాం నాసిరుద్దౌలా గారికి జబ్బు చేసింది. హకీముల వైద్యం వలన గుణం కనిపించలేదు. బ్రిటిషు రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ విలియం కాంప్‌బెల్ మక్లీన్‌ను పిలిపించారు. నిజాంగారు ఒక షరతు పెట్టారని చెబుతారు: తెల్లవాళ్ళ మందు ఒక్క చుక్క కూడా మింగను అని. సరేనని మక్లీన్ ఆహారం, నిద్ర, నడక, స్నానం వంటి నియమాలు మార్చి గుణం చూపించాడు. దాంతో నిజాంగారికి నమ్మకం కుదిరింది. 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలయింది. మక్లీనే మొదటి అధిపతి.

ఆ స్కూలులో మనం గమనించవలసిన విషయం, పాఠాలు ఉర్దూలో చెప్పడం. ఇంగ్లండు నుంచి వచ్చిన డాక్టర్లు తమ శాస్త్రాన్ని ఈ నేల భాషలో చెప్పించారు. మక్లీన్ తరువాత వచ్చిన డాక్టర్ జార్జ్ స్మిత్ కాలంలో, 1850లలో, ఉర్దూలో ఒక వైద్య పత్రిక కూడా వెలువడింది. ప్యాసైనవారికి ఇచ్చిన పట్టా పేరు "హకీం". పేరు పాతది, చదువు కొత్తది. ఇంట్లో ఉర్దూ చదువుకున్న కుర్రవాడు, ఇంగ్లీషు అక్షరం రాకపోయినా, శరీర శాస్త్రం చదివి వైద్యుడు కాగలిగాడు. డాక్టర్లు చాలనప్పుడు మొట్టమొదట చేయవలసింది తలుపు వెడల్పు చేయడం. ఆ పని అప్పటివారు భాషతో చేశారు. 1880లలో బోధన ఇంగ్లీషులోకి మారింది.

ఆ 1880లలోనే వచ్చినవాడు సర్జన్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం వలన రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. వాటికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారు డబ్బు ఇచ్చారు. ఇదంతా పుస్తకాల్లో గొప్పగా వ్రాస్తారు. మాకు మాత్రం అంతకంటే గొప్పగా తోచేది, లారీ కాలంలో 1885లో ఆ స్కూలులో ఆడపిల్లలను చేర్చుకోవడం. వారిలో పార్సీ వనిత రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా ఈనాడు ఆమెను చెప్పుకుంటున్నారు. పర్దా పాటించే ఇళ్ళలో స్త్రీకి జబ్బు చేస్తే మగ డాక్టరుకు నాడి కూడా చూపించని కాలమది. ఆడవారు వైద్యం నేర్వకపోతే సగం జనాభాకు వైద్యం లేనట్లే. తరువాత 20వ శతాబ్దపు మొదటి దశకంలో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాది పడినది ఈ అవసరం వల్లనే.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బ్రతికారని చెబుతారు. ఆ చోటనే 1920లలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. అదే సమయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. 1917లో ఫర్మానా, 1918లో స్థాపన, 1919లో తరగతులు. దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను ముందుగానే, 1917లో, పెట్టి పాఠ్య పుస్తకాలను ఉర్దూలోకి మార్పించారు. 1920లలో మెడికల్ స్కూలు కాలేజీగా పెరిగి, విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చి, ఎం.బి.బి.ఎస్. పాఠాలు ఉర్దూలో మొదలయ్యాయి. అలా ఒక భారతీయ భాషలో పూర్తి వైద్య పట్టా ఇచ్చిన ఘనత ఆ కాలేజీది. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఉర్దూ బోధన మన కుటుంబాలకు తలుపు తెరిచింది, నిజమే. కాని నిజాం రాష్ట్రంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. వారి పిల్లలకు ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోలేదు. ఏ భాషతో తలుపు తెరిచినా, ఆ భాష రానివాడు బయటనే నిలబడతాడు. ఈనాడు ఇంగ్లీషు విషయంలోనూ అంతే. నీట్ ప్రవేశ పరీక్ష తెలుగులో వ్రాయవచ్చు, 2018 నుంచి ఉర్దూలోనూ వ్రాయవచ్చు. లోపల తరగతి మాత్రం ఇంగ్లీషులోనే.

కోస్తా వైపు కథ వేరు. విశాఖపట్నంలో 1902లో మెడికల్ స్కూలు, 1923లో అది కాలేజీ. అదే ఇప్పటి ఆంధ్ర మెడికల్ కాలేజీ. ఆ తరువాత ఇరవై మూడేళ్ళకు, 1946లో, గుంటూరు కాలేజీ. మధ్యలో అన్ని జిల్లాల ఊళ్ళనూ చూసుకున్నవారెవరు? ఎల్.ఎం.పి. డాక్టర్లు. తక్కువ కాలం, తక్కువ ఖర్చు చదువు చదివి, తాలూకా ఊళ్ళలో బోర్డు కట్టుకుని, గుర్రపు బండిలో పల్లెలకు తిరిగి వైద్యం చేసినవారు. మన పెద్దవారికి వారి పేర్లు ఇంకా జ్ఞాపకం వుంటాయి.

1943 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1946లో నివేదిక వచ్చింది. ఆ లెక్కలు బ్రిటిష్ ఇండియావి, నిజాం రాష్ట్రానివి అందులో లేవు. ఓపికగా చదవండి. దాదాపు ముప్ఫై కోట్ల జనానికి డాక్టర్లు సుమారు 47,500 మంది, అంటే ఆరువేల చిల్లర మందికి ఒక డాక్టరు. అందులో పట్టభద్రులు పదిహేడు వేల పైచిలుకు, మిగిలిన ముప్ఫైవేల మందిదాకా ఎల్.ఎం.పి. వంటి లైసెన్షియేట్లు. నర్సులు 7,000 మంది, అంటే 43,000 మందికి ఒకరు. మంత్రసానులుగా శిక్షణ పొందినవారు 5,000 మంది. హెల్త్ విజిటర్లు 750 మంది. శిక్షణ పొందిన ఫార్మసిస్టులు, ఆశ్చర్యపోకండి, 75 మంది!

అనగా ఒక నర్సుకు ఏడుగురు డాక్టర్లు. వంటమనిషి ఒకరు, వడ్డించేవారు ఏడుగురు అన్నట్లుంది ఈ లెక్క. మరి భోర్ కమిటీ 1971 నాటికి ఏం కావాలన్నది? రెండువేల మందికి ఒక డాక్టరు, మూడువందల మందికి ఒక నర్సు. అంటే ఒక డాక్టరుకు ఆరుగురికి పైగా నర్సులు. లెక్కను తలక్రిందులు చేయమన్నది. ఈ ఒక్క మాటను దేశం చెవినపెట్టి వుంటే ఈనాటి మన అవస్థలో సగం తగ్గేదని మేము అనుకుంటున్నాము.

చెవిన పెట్టింది మరొక మాటను. ఒకే రకం డాక్టరు చాలు, అతడు పట్టభద్రుడై వుండాలి, లైసెన్షియేటు చదువు మానేయాలి అని కమిటీలో ఎక్కువమంది అన్నారు. కొందరు సభ్యులు ఒప్పుకోక, కొరత తీరేదాకా ఆ చదువు వుండాలని అసమ్మతి వ్రాశారు. వారి మాట చెల్లలేదు. ఎల్.ఎం.పి. స్కూళ్ళు మూతపడ్డాయి, కొన్ని కాలేజీలుగా మారాయి. ఎం.బి.బి.ఎస్. చదివినవాడు పట్నంలో వుండిపోయాడు. పల్లెలో ఖాళీ అయిన ఆ కుర్చీలో, కాంపౌండరుగా పనిచేసి సూది వేయడం నేర్చుకున్న ఆర్.ఎం.పి. డాక్టరు కూర్చున్నాడు. అతణ్ణి తిట్టడం సులువు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాడు అతడొక్కడే అయినప్పుడు జనం ఏం చేస్తారు?

కాలేజీలు మాత్రం వరుసగా వచ్చాయి. హైదరాబాదులో 1954లో గాంధీ, 1956లో కర్నూలు, 1958లో కాకినాడ రంగరాయ, 1959లో వరంగల్లు కాకతీయ, 1960లో తిరుపతి, 1980లో విజయవాడ సిద్ధార్థ. వీటి పరీక్షలు ఆయా ప్రాంతపు విశ్వవిద్యాలయాలు జరిపేవి. 1986 నవంబరు 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడి అన్నింటినీ ఒక గొడుగు క్రిందికి తెచ్చింది. మనవారి వైపు నుంచి 1984లో దారుస్సలాం ట్రస్టు హైదరాబాదులో దక్కన్ మెడికల్ కాలేజీ పెట్టింది. యునానీకి చార్మినారు ప్రక్కన నిజామియా తిబ్బీ కాలేజీ, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేర యునానీ కాలేజీ వున్నాయి. సంతోషమే.

మరి నర్సుల సంగతి? మన దేశంలో నర్సింగుకు విశ్వవిద్యాలయ పట్టా మొదలైనదే 1946లో, ఢిల్లీలోనూ వెల్లూరులోనూ. వైద్య విద్యకు హైదరాబాదులో వందేళ్ళు నిండిన సంవత్సరమది. అప్పటిదాకా నర్సు అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకున్న మనిషి. ఆ నేర్పించడం కూడా ఎక్కువగా మిషన్ ఆసుపత్రుల్లోనే జరిగింది. గుంటూరులో 1883లో వచ్చిన అమెరికన్ లేడీ డాక్టరు అన్నా కుగ్లర్ పేరు పాతవారికి తెలుసు. 1898లో ఆమె ఆసుపత్రి తెరిచారు. దొరసాని ఆసుపత్రి అని పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. అటువంటి చోట్ల శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది క్రైస్తవ ఆడపిల్లలు. మిగిలిన ఇళ్ళవారు తమ పిల్లలను పంపలేదు. పరాయివారిని ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రి డ్యూటీ చేయాలి, హాస్టలులో వుండాలి. హిందువుల ఇళ్ళలో మైల అన్నారు, మన ఇళ్ళలో పర్దా అన్నారు. మాట వేరు, ఫలితం ఒకటే. అయితే ఆ క్రైస్తవ అమ్మాయిలే మన తల్లులకు, నానీలకు పురుళ్ళు పోశారు. మనలో ఎంతమంది మొదట వాళ్ళ చేతుల్లోనే పడ్డామో లెక్క లేదు. ఆ ఋణం మరచిపోరాదు.

"నర్సు పని షరీఫుల ఇంటి ఆడపిల్లకు తగదు" అనే పెద్దలకు మేము వినయంగా ఒక సంగతి జ్ఞాపకం చేస్తున్నాము. దైవప్రవక్త (స) కాలంలో, క్రీ.శ. 627లో, ఖందక్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడినప్పుడు ఆయనను ఎక్కడికి చేర్చారు? మస్జిదె నబవీలో వేసిన రుఫైదా అస్లమియా (రజి) గుడారానికి. ఆమె గాయాలకు కట్లు కట్టే స్త్రీ. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాల్లో వెంట వెళ్ళి, అన్నం వండిపెట్టి, గాయపడినవారికి సేవ చేశారు. షరాఫత్ అంటే ఏమిటో ఆ తల్లుల కంటే మనకు ఎక్కువ తెలుసా?

స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వం 1950లలో ఎ.ఎన్.ఎం. అనే రెండేళ్ళ శిక్షణ పెట్టింది. పల్లెలో పురుడు పోయడానికీ, టీకాలు వేయడానికీ ఆమెనే పంపారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకు ఒక్కో మనిషి బదులు అన్నీ చూసే బహుళ ప్రయోజన కార్యకర్త వుండాలన్నది. ఆలోచన మంచిదే. కాని 1977లో ఎ.ఎన్.ఎం. శిక్షణను రెండేళ్ళ నుంచి ఒకటిన్నర ఏడాదికి తగ్గించారు. పురుడు పోసే పాఠం చిక్కిపోయింది. పని మాత్రం పెరిగింది, అందులోనూ కుటుంబ నియంత్రణ కోటాలు. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లో నర్సమ్మ వీధిలోకి వస్తే "ఆపరేషన్‌కు పట్టుకుపోతారు" అని జనం తలుపులు వేసుకున్నారు. మన మొహల్లాల్లో ఆ భయం చాలాకాలం పోలేదు. టీకా వేయడానికి వచ్చిన మనిషిని కూడా అనుమానంతో చూసేవారు. మన పిల్లే ఆ యూనిఫారంలో వచ్చి "ఖాలా, బిడ్డను తీసుకురండి" అంటే తలుపు తెరిచేవారు కాదా? కొరతను అంకెల్లోనే లెక్కిస్తే ఈ సంగతి కనబడదు.

1975లో శ్రీవాస్తవ కమిటీ, డాక్టరుకూ జనానికీ మధ్య ఊరివాడే అయిన ఆరోగ్య కార్యకర్త వుండాలన్నది. 1977లో మెడికల్ కాలేజీలకు మూడేసి బ్లాకులు అప్పగించి, విద్యార్థులను పల్లెకు పంపే పథకం పెట్టారు. పెద్ద పెద్ద వ్యాన్లు వచ్చాయి. ఆ వ్యాన్లు తిరిగినంత కాలం తిరిగాయి. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. ఈనాడు ఊళ్ళో గర్భిణిని ఆసుపత్రికి చేర్చేది ఆ తల్లులే. వారు జీతగాళ్ళు కారు, పనికి ఇంత అని పారితోషికం తీసుకునేవారు.

గత పదేళ్ళ మార్పు చిన్నది కాదు. దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు 2014లో 51 వేల చిల్లర వుండగా, 2024 నాటికి లక్షా పన్నెండు వేలు దాటాయి. తెలంగాణ ఏర్పడిన 2014లో అయిదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వుంటే, 2024లో అవి 34 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఒకేసారి అయిదు మొదలయ్యాయి. జిల్లా పిల్లవాడు జిల్లాలోనే డాక్టరు చదువు చదవడమన్నది మన తాతల కలలో కూడా లేని మాట. అయితే బోర్డు కట్టడం ఒక ఎత్తు, పాఠం చెప్పే ప్రొఫెసర్లు దొరకడం మరొక ఎత్తు. అనాటమీ, ఫిజియాలజీ వంటి శాఖలకు మనిషి దొరకక కొత్త కాలేజీలు తంటాలు పడుతున్నాయి. 1846లో మక్లీన్‌కు ఒక ఆసుపత్రీ, రోగులూ, పట్టుదలా వున్నాయి. ఇప్పుడు భవనాలు ముందు లేస్తున్నాయి.

2023 బడ్జెటులో కేంద్ర ప్రభుత్వం, 2014 తరువాత వచ్చిన మెడికల్ కాలేజీల ప్రక్కనే 157 నర్సింగు కాలేజీలు పెడతామన్నది. భోర్ కమిటీ చెప్పిన డెబ్బై ఏడేళ్ళకు! ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, డయాలిసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ల వంటివారికి కూడా ఒక జాతీయ కమిషన్ వుండాలని చట్టం 2021లో గాని రాలేదు. అప్పటిదాకా వారి చదువుకు దేశమంతటికీ ఒక కొలత లేదు. ఒక వీధిలో ఆరునెలల సర్టిఫికెట్టు, ప్రక్క వీధిలో రెండేళ్ళ డిప్లొమా.

మన విషయానికి వస్తే, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ క్రింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. హైకోర్టులో ఒడిదుడుకులు ఎదురైనా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది సాగుతోంది. దాని వలన ఎందరో మన పిల్లలు డాక్టర్లయ్యారు. ఆటో నడిపే తండ్రి కొడుకు, పండ్ల బండి తండ్రి కూతురు తెల్లకోటు వేసుకున్నారు. అల్‌హందులిల్లాహ్. కాని ఆ నాలుగు శాతం ఒక్క ఎం.బి.బి.ఎస్.కే కాదు, బి.ఎస్సి. నర్సింగుకు కూడా వర్తిస్తుందన్న సంగతి మన దరఖాస్తుదారులను అడిగితే చాలామందికి తెలియదు. ఆ సీటు కోసం మనవారే రాకపోతే ఎవరిని నిందించాలి?

తల్లిదండ్రుల భయాలు ఉత్తవి అని మేము అనడం లేదు. హాస్టలు ఎలా వుంటుంది, రాత్రి డ్యూటీ అయ్యాక అమ్మాయి ఇంటికి ఎలా చేరుతుంది, తల కప్పుకోనిస్తారా, పెళ్ళి సంబంధాలవారు ఏమంటారు అని అడుగుతున్నారు. ఇవి అడగవలసిన ప్రశ్నలే. చేరకముందే కాలేజీకి వెళ్ళి, ప్రిన్సిపాలమ్మను కలిసి, ఒక్కొక్కటిగా అడగండి. ప్రైవేటు కాలేజీ అయితే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు కాగితం చూపించమనండి, శిక్షణ కోసం ఏ ఆసుపత్రికి పంపుతారో, అందులో మంచాలు ఎన్నో కనుక్కోండి. రోగులు లేని ఆసుపత్రిలో నర్సు తయారు కాదు.

బి.ఎస్సి. నర్సింగు ఇంటరు తరువాత నాలుగేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు. ఈ ఏడాది మన సంఘం స్కాలర్‌షిప్ ఫారంలో ఎం.బి.బి.ఎస్., ఇంజనీరింగుల క్రింద ఈ మూడింటికీ, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ చదువులకూ విడివిడిగా గడులు పెట్టించాము. ఫారాలు జుమా నమాజు తరువాత ఆఫీసులో దొరుకుతాయి. అమ్మాయిల తల్లులు రావాలనుకుంటే, మహిళా విభాగంవారు ఆదివారం ఉదయం ఆఫీసులో కూర్చుంటారు.